షుగర్ మిషన్‌తో మొదలుపెట్టండి

వైద్య పరికరాల యూఎక్స్ రీసెర్చ్‌లోకి (మిషన్‌ను మనుషులు ఎలా వాడుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో గమనించే పని) రావాలనుకుంటే కోర్సుల సంగతి తర్వాత. ముందు ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు షుగర్ మిషన్ వాడుతుంటే చూడండి. నోరు మెదపొద్దు, చెయ్యి సాయం అసలే వద్దు.

నేను మా పెద్దమ్మతో చేశాను. స్ట్రిప్పు తిరగేసి పెట్టింది. రెండోది రక్తం చాలక పాడైంది. చివరికి తెరమీద కిందటి వారం రీడింగు చూసి "నూట నలభై, బానే ఉందిలే" అంది. ఒక్కో అడుగూ రాసుకుని, పక్కన మూడు గడులు గీశాను: ఇక్కడ ఏం పొరపాటు జరగొచ్చు, దానివల్ల మనిషికేం హాని, మిషన్‌లో ఏం మారిస్తే అది తగ్గుతుంది. నా పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడింది ఆ మూడో గడి గురించే.

తర్వాత వార్డు. ఆసుపత్రి రాతపూర్వక అనుమతి, అవసరమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు. వీలైతే నైట్ డ్యూటీలో వెళ్లండి. నరంలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు చూపించి "ఈ పంపు బాగుందా సిస్టర్?" అని అడిగితే మనవాళ్లు మొహమాటానికి "బాగుందండీ" అంటారు. "నిన్న అలారం మోగినప్పుడు ఏం చేశారో చూపిస్తారా?" అనండి. మిషన్ల మీద ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో రాసినవి ఉంటాయి. అవన్నీ చదవండి. డిజైనర్ మర్చిపోయింది సిస్టర్లు అక్కడ రాసుకుంటారు.

నేనూ ఆరేళ్లు ఐసీయూ సిస్టర్‌నే. ఒక రాత్రి ఇన్ఫ్యూజన్ పంపులో 5.0 కొట్టాను. చుక్క మీట పడలేదు, తెరమీద 50 వచ్చింది. పక్క సిస్టర్ చూసి ఆపింది కాబట్టి పేషెంటుకేమీ కాలేదు. నాకు మెమో ఇచ్చారు. మీట గురించి ఒక్కరూ అడగలేదు. ఈ రంగంలో దాన్ని "యూజర్ ఎర్రర్" అనరు, "యూజ్ ఎర్రర్" అంటారు. తప్పును మనిషి మీద వెయ్యకుండా వాడకంలో వెతకడానికే ఆ మాట. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లనీళ్లొచ్చాయి.

ఆ మాట వెనకున్న పద్ధతంతా ఐఈసీ 62366-1 అనే అంతర్జాతీయ ప్రమాణంలో, రిస్కు లెక్క ఐఎస్‌ఓ 14971 అనే ఇంకో ప్రమాణంలో ఉంటాయి. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఇదే విషయం మీద ఇచ్చిన 2016 మార్గదర్శకం ఉచితంగా దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టండి. తయారైన మిషన్‌ను మనుషులతో వాడించి చూసే చివరి పరీక్షకు ఒక్కో రకం వాడకందారుల్లో కనీసం 15 మంది కావాలంటుంది: నర్సులు వేరే 15, ఇంట్లో వాడే పేషెంట్లు వేరే 15. డిజైన్ ఇంకా నలుగుతున్నప్పుడు ఐదారుగురితోనే బోలెడు బయటపడుతుంది.

డిజైన్ చదవాలనిపిస్తే ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డిజైన్ ఉంది. సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయాలి, బీఎస్సీ నర్సింగ్ వాళ్లూ రాయొచ్చు. నేరుగా ఉద్యోగానికే వెళ్తుంటే, దరఖాస్తుతోపాటు ఆ మూడు గడుల కాగితం పంపండి.