పాత చీరతో ఉయ్యాల చిలకలు, పాపాయి మూలకి తక్కువ ఖర్చు డెకరేషన్

పాపాయికి సెపరేట్ రూమ్ అనేది మనలో చాలామందికి ఉండదు కదండీ, పుట్టింట్లో ఒక గది, అందులో ఉయ్యాల, పక్కన బాలింత మంచం, అంతే. ఆ మూల అందంగా కనపడాలంటే ఆన్‌లైన్‌లో వేలు పోసి సెట్లు కొనక్కర్లేదు, బీరువాలో పాత కాటన్ చీర ఒకటి, టైలర్ దగ్గర అడిగితే ఇచ్చే జాకెట్ ముక్కలు నాలుగు చాలు. ఒక్కటి మాత్రం ముందే ఆలోచించుకోండి, చూసేది మనమా, పాపాయా అని. కొనే హ్యాంగింగులు చాలావరకు పక్కనుంచి చూస్తే ముద్దుగా ఉంటాయి గానీ ఉయ్యాల్లో పడుకున్న వాళ్ళకి బొమ్మల అడుగుభాగం తప్ప ఏం కనపడదు. అందుకే ఉయ్యాల పైన వేలాడదీయడానికి మనం కుట్టబోయే ఈ గుడ్డ చిలకల్లో పొట్ట ముఖ్యం.

ముందు చీర ముక్కని వేణ్నీళ్ళలో నానబెట్టి ఉతికి, తడి మీద తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే ఆ ముక్క పక్కన పడేయండి. దిగకపోతే ఎండలో ఆరేసి 5 అంగుళాల చతురస్రం కత్తిరించాలి. దాని మీద ఒక మూల నుంచి ఎదురు మూలకి అంగుళంన్నర వెడల్పున్న నలుపు తెలుపు చారల గుడ్డ పట్టీ కుట్టండి, చిలక పొట్ట అదే. ఇప్పుడు మంచి వైపు లోపలికి పెట్టి ఆ పట్టీ మధ్యగా మడిస్తే త్రికోణం వస్తుంది, తెరిచి ఉన్న రెండు వైపులా దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ వచ్చి రెండు వేళ్ళు పట్టేంత సందు వదలండి, తిరగేసి పెన్సిల్ మొద్దు వైపుతో మూలలు బయటికి పొడవండి. లోపల కూరడానికి పాత బనియన్ ముక్కలు బెస్ట్. బూరుగు దూది వద్దు, కుట్ల సందుల్లోంచి బయటికొచ్చి ఇల్లంతా ఎగురుతుంది.

సందు మూసేశాక మడత ఉన్న వైపు కిందకి పెట్టి పట్టుకోండి, ఒక కొస ముక్కు, ఇంకో కొస తోక, పైన మిగిలిన మూల దారం కట్టడానికి. ముక్కుకి ఎర్ర దారం ఒత్తుగా కుట్టండి, కళ్ళు నల్ల దారంతో కుట్టాల్సిందే, గుండీలూ పూసలూ అస్సలు పెట్టొద్దు. కట్టాక ముక్కు కిందకి వాలిపోతుంటే దారాన్ని కాస్త ముక్కు వైపు జరిపి కుడితే సరిపోతుంది.

ఇలాంటివి నాలుగు చేసి 8 అంగుళాల ఎంబ్రాయిడరీ ఫ్రేముకి చీర అంచు చుట్టి దానికి వేలాడదీయండి, దారాలు ఒక్కోటి 6 అంగుళాలకి మించకూడదు, పొడుగైతే పిల్లల మెడకో వేళ్ళకో చుట్టుకునే ప్రమాదం. ఫ్రేముని ఉయ్యాల గొలుసుకి కట్టకండి, ఊపినప్పుడల్లా అది కూడా ఊగి ఊగి ఎప్పుడో తెగి పడుతుంది. స్టాండు ఉయ్యాల అయితే పై రాడ్‌కి, లేకపోతే శ్లాబుకి వేరే హుక్ పెట్టి (అద్దిల్లయితే ఓనర్ని అడిగి) మొహం మీదకి కాకుండా గుండెల మీదకి వచ్చేలా, చేతికి అందనంత ఎత్తులో కట్టాలి.

పుట్టిన కొత్తలో 8 నుంచి 12 అంగుళాల దూరంలో ఉన్నవే పిల్లలకి బాగా కనపడతాయి, అదీ నలుపు తెలుపు లాంటి గట్టి తేడా ఉంటేనే. చిలకలు ఆ ఎత్తున కట్టలేం కాబట్టి ముగ్గు కార్డులు చేయండి. నల్ల చార్ట్ ముక్క మీద తెల్ల పెయింటుతో లావు గీతల మెలిక ముగ్గు ఒకటి వేస్తే చాలు, మెలకువగా ఉన్నప్పుడు మీ చేత్తోనే మొహానికి జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. అమ్మమ్మలకి ఈ పని అప్పజెప్తే ఇంక కార్డులకి కొరత ఉండదు. మిగిలినవి గోడకి టేపుతో అంటించండి, మైదా జిగురు పెడితే బొద్దింకలకి పండగే.

పేరుతో తోరణం కావాలంటే బారసాల అయ్యాక చూసుకోవచ్చు, చీర అంచు మీద అక్షరాలు కత్తిరించి కుట్టడమే, గంట పని. గ్లిట్టర్, థర్మకోల్ బాల్స్, బెలూన్లు మాత్రం ఫంక్షన్ ఫోటోలు అవ్వగానే తీసేయండి, పగిలిన బెలూన్ ముక్క గొంతుకి అడ్డం పడితే ఊపిరి ఆడదు. దిష్టికి నల్లపూసలు కడతామని పెద్దవాళ్ళు అంటే గొడవెందుకు, ఉయ్యాల్లో కాకుండా గుమ్మం దగ్గర కట్టమనండి.

నెలకోసారి చిలకల్ని ఉతికి ఆరేయండి, దుమ్ము బాగా పడుతుంది. 5వ నెల వచ్చేసరికి, లేదా అంతకంటే ముందే చేతుల మీద లేవడం మొదలుపెడితే అప్పుడే, ఫ్రేము మొత్తం దింపేయాలి. దారాలు కత్తిరించేసి కుట్లన్నీ గట్టిగా లాగి చూసి చిలకల్ని ఆడుకోడానికి చేతికి ఇచ్చేయొచ్చు, ఎలాగూ ముందు ఆ ఎర్ర ముక్కునే నోట్లో పెట్టుకుంటారు కాబట్టి దానికి వాడే దారం కూడా రంగు దిగుతుందేమో మొదట్లోనే తడిపి చూసుకోండి.