అమెరికా చెక్కు మీద మీకు నచ్చిన బొమ్మ వేయించుకోవడం ఎలా?

బొమ్మల చెక్కులు చాలామంది వేయించుకుంటున్నారు, చాలామంది పాడుచేసుకుంటున్నారు. బొమ్మ మంచిదే, వేసినవాడు గొప్ప చిత్రకారుడే, అచ్చుకి డబ్బూ బాగానే పెట్టారు. కానీ దాని మీద రాసింది కనపడదు. పుచ్చుకున్నవాళ్లు ఫోన్లో డిపాజిట్ చేయబోతే యాప్ ఒప్పుకోదు. రెండుసార్లు అలా జరిగాక ఆ చెక్కుల పెట్టె మూలన పడేసి మళ్లీ మామూలు నీలం చెక్కులకే వెళ్లిపోతారు. బొమ్మలో లోపమేమీ లేదు, దాన్ని చెక్కుకి తగ్గట్టు తయారు చేయకుండా అచ్చుకి పంపారు, అంతే. ఆ తయారీ ఎలాగో చెబుతాను.

అమెరికాలో చెక్కులు బ్యాంకు దగ్గరే కొనాలన్న నిబంధన లేదు. బయటి ముద్రణ సంస్థలూ అచ్చువేసి ఇస్తాయి, మన బొమ్మ పంపితే దాన్నే వేస్తాయి. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ చెక్‌బుక్ బ్యాంకే ఇస్తుంది, సీటీఎస్-2010 ప్రమాణాల ప్రకారం కొలత, వాటర్‌మార్కు అన్నీ ముందే ఖాయమై ఉంటాయి. ఇక్కడ ఇంటద్దెకీ, డే కేర్‌కీ, గుడికీ, పెళ్లి చదివింపులకీ ఇంకా చెక్కు రాస్తూనే ఉన్నాం. ఏడాదికి రాసేవి తగ్గిపోయాయి గనక ఒక్క పెట్టె ఏళ్ల తరబడి వస్తుంది. అన్నాళ్లు చేతిలో ఉండేదాన్ని శ్రద్ధగా చేయించుకోవాలి.

కావలసినవి

మీ ఖాతాది పాత చెక్కు ఒకటి, స్కానర్ ఉన్న ప్రింటర్, కంప్యూటర్లో జింప్ (బొమ్మలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్, ఉచితమే), నల్ల జెల్ పెన్ను. బాల్ పెన్ను సిరాని దొంగలు రసాయనాలతో కడిగేసి పేరూ మొత్తమూ మార్చేస్తున్నారు. జెల్ సిరా అంత తేలిగ్గా పోదు. చెక్కు రాయడానికి ఇంకే పెన్నూ ముట్టుకోకండి.

కొన్ని ముద్రణ సంస్థలు చిత్రకారుల బొమ్మలు, రాక్ సంగీత కచేరీల పోస్టర్ బొమ్మలు హక్కులు కొని కేటలాగులో పెడతాయి. తొందరలో ఉంటే అది తీసుకోవచ్చు. కానీ అందులో నాలుగు బొమ్మల సెట్టు అంటగడతారు, చెక్కు చెక్కుకీ బొమ్మ మారుతుంది. చెక్కు మీద బొమ్మ మీ గుర్తు. అది ఒక్కటే ఉండాలి.

ఇంట్లో అచ్చువేసుకోవడం మాత్రం వద్దు. చెక్కు అడుగున ఉండే అంకెలు అయస్కాంత సిరాతో, ఈ-13బి అనే ప్రత్యేక అక్షరాల్లో ఉండాలి. దానికి వేరే టోనర్ కొనాలి. పైగా నలుపు లేజర్ ప్రింటర్లలో చాలావాటి మామూలు టోనర్‌లోనూ ఇనుప ఆక్సైడ్ ఉంటుంది. బొమ్మలో నల్లగీత ఒకటి ఆ అంకెల దగ్గరికి వస్తే యంత్రం దాన్నీ అంకెతో కలిపి చదవబోతుంది.

బొమ్మ ఎంచుకోవడం

గీతబొమ్మ తీసుకోండి. ఫోటో వద్దు. ఫోటోలో తెల్లటి చోటు దొరకదు, మొత్తం బూడిద రంగు పొరలే. అందులోనూ పిల్లల ఫోటోలు వేయించుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. పిల్ల ముఖం, ఇంటి చిరునామా, ఖాతా నంబరు మూడూ ఒకే కాగితం మీద ఎవరెవరి చేతుల్లోకో వెళ్తాయి.

రాక్ పోస్టర్లు ఇష్టమైనవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 1966-67లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆ బొమ్మలు గోడ కోసం వేసినవి. ఆ పోస్టర్లు వేసిన వెస్ విల్సన్ అక్షరాలు కరిగి పారుతున్నట్టుంటాయి, ఖాళీ అన్నది మిగల్చవు. చెక్కు మీద మీరు పేరు రాసే గీత కింద ఆ అక్షరాలు పడితే రెండూ కలిసిపోతాయి. అందుకే పోస్టర్ నుంచి బొమ్మ భాగం మాత్రమే కత్తిరించండి. అక్షరం, తేదీ, టికెట్ ధర ఏదీ రానివ్వకండి. ఆ పోస్టర్లే వేసిన విక్టర్ మోస్కోసో పద్ధతి ఇంకా చిక్కు. ఆయన యేల్‌లో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల చదువు చదివినవాడు. సమానమైన వెలుగున్న రెండు రంగుల్ని పక్కపక్కన పెట్టి అంచులు కదులుతున్నట్టు చేస్తాడు. అద్భుతమైన పనే. కానీ బ్యాంకు తీసే నలుపు-తెలుపు చిత్రంలో రంగు పోగానే ఆ రెండూ ఒకే బూడిద ముద్ద అయిపోతాయి. ఆ శైలి కావాలంటే గీతలు మాత్రం ఉంచి, మొత్తాన్ని ఒకే లేత రంగులోకి మార్చాలి.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది బాపు బొమ్మ. చెక్కుకి అంతకంటే అనువైన గీత నేను చూడలేదు. సన్నగీత, దాని చుట్టూ బోలెడంత తెలుపు. కలంకారీ నల్లటి అంచురేఖలు కష్టం. చేర్యాల బొమ్మలకి వెనక ఎర్రటి నేల ఉంటుంది, అది మరీ కష్టం. అవే కావాలంటే ఒక్క మనిషినో, ఒక్క పక్షినో విడిగా తీసుకుని ఎర్రనేల తీసేయండి.

ఇక అనుమతి. మీ చెక్కు మీ సొంతానికే కదా అని వదిలేయకండి. ఇండియా చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. బాపు పోయింది 2014లో. కాబట్టి అడగాలి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం అభిమానులు కోరుకునే అస్థిపంజరం, గులాబీల బొమ్మ ఇంకో రకం. అది ఉమర్ ఖయ్యామ్ రుబాయీల కోసం ఎడ్మండ్ సల్లివన్ వేసింది, 1913లో అచ్చయింది. అమెరికాలో దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. దాన్నే తీసుకుని 1966లో స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ చేసిన పోస్టర్‌ని మాత్రం అలా వాడుకోకూడదు. సల్లివన్ పుస్తకం పేజీ నుంచే స్కాన్ తీసుకుని, ఆ పేజీ ఫైలు దగ్గర పెట్టుకోండి. అన్నిటికంటే మంచిది, ఈ రోజు పనిచేస్తున్న చిత్రకారుడికి డబ్బిచ్చి వేయించుకోవడం. "చెక్కుల మీద అచ్చువేసుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు.

కొలత

మామూలు వ్యక్తిగత చెక్కు 6 అంగుళాల వెడల్పు, 2¾ అంగుళాల ఎత్తు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 1800 × 825 పిక్సెళ్లు. అంచు కోతకి నలువైపులా ⅛ అంగుళం అదనంగా వదలండి. బొమ్మ అడ్డంగానే ఉండాలి. నిలువు పోస్టర్‌ని సాగదీసి పంపేవాళ్లు చిత్రకారుడిని అవమానిస్తున్నారు.

బొమ్మని పలచబరచడం: అందరూ తప్పేది ఇక్కడే

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత విమానాలు ఆగిపోయాయి. ఊరి నుంచి ఊరికి విమానాల్లో తిరిగే చెక్కుల మూటలూ వాటితో పాటే ఆగిపోయాయి. ఆ తర్వాత 2003లో చెక్ 21 చట్టం వచ్చింది, 2004 అక్టోబరు 28 నుంచి అమలైంది. చెక్కు చిత్రం నుంచి తీసిన అచ్చుకి అసలు చెక్కుతో సమానమైన విలువ ఇచ్చింది. అప్పటినుంచి కాగితం డిపాజిట్ చేసినచోటే ఆగిపోతోంది, బ్యాంకుల మధ్య తిరిగేది దాని చిత్రమే. ఆ చిత్రం ఎక్కువగా అంగుళానికి 200 చుక్కల నలుపు-తెలుపు. బూడిద రంగు అన్నదే లేదు, ప్రతి చుక్కా నలుపన్నా కావాలి, తెలుపన్నా కావాలి. మీ బొమ్మలో ప్రతి రంగుకీ అక్కడ ఆ తీర్పు జరుగుతుంది.

కాబట్టి చెక్కు బొమ్మని రంగుని బట్టి చూడకూడదు, వెలుగుని బట్టి చూడాలి. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే స్వచ్ఛమైన పసుపు 226 దగ్గర ఉంటుంది. ఎరుపు 76. నీలం 29. కళ్లకి భగ్గుమనే ఎరుపు యంత్రానికి నల్లగానే కనపడుతుంది. పసుపు ఎంత వేసినా మాయమైపోతుంది. లేత పసుపు, లేత నారింజ, లేత ఆకుపచ్చల వైపు బొమ్మని జరపమని నేను పట్టుబట్టేది ఇందుకే.

జింప్‌లో మీ పాత చెక్కు స్కాన్‌ని పైన ఒక పొరగా పెట్టండి. మీరు రాసే చోట్లన్నీ కనపడతాయి: తేదీ, ఎవరికి అన్న గీత, అంకెల గడి, మాటల్లో మొత్తం రాసే గీత, మెమో, సంతకం. వీటి కింద బొమ్మలో ఏ పిక్సెలూ 200 కంటే ముదురుగా ఉండకూడదు. 190 కూడా వద్దు. అంకెల గడి లోపలా, దాని ఎడమ పక్కనా బొమ్మే ఉండకూడదు, తెల్లగా వదిలేయాలి. పెళ్లి చదివింపుకి 116 డాలర్లు రాశారనుకోండి. గడిలో ఎడమవైపు బొమ్మ తాలూకు నిలువుగీత ఒకటి నల్లగా మిగిలితే యంత్రానికి అది 1116. చట్ట ప్రకారం అంకెలకీ మాటలకీ తేడా వస్తే మాటలే చెల్లుతాయి, నిజమే. కానీ దాన్ని సరిచేయించుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరగాల్సింది మీరూ, ఆ పెళ్లివాళ్లూ.

అడుగున ⅝ అంగుళం పట్టీ అయస్కాంత అంకెలది. ఆ పట్టీలో బొమ్మ వేయకండి. లేతగా ఉంటే పరవాలేదని ముద్రణ సంస్థ చెప్పొచ్చు, వేయకండి. సంతకం తోక కూడా అందులోకి దిగకూడదు. వెనకవైపు పూర్తిగా వదిలేయండి, అది పుచ్చుకునేవాళ్లు సంతకం పెట్టే చోటు, బ్యాంకులు ముద్రలు వేసే చోటు. చిత్రకారుడి సంతకం బొమ్మలో ఉంటే తీసేయొద్దు, ఎడమవైపు పైకి జరపండి. మీ సంతకం గీత దగ్గర ఇంకో సంతకం కనపడకూడదు.

మరి బొమ్మ పూర్తి రంగుల్లో ఎక్కడ నిలబడుతుంది? పేరూ చిరునామాకీ, తేదీకీ మధ్య పైన కొంచెం చోటుంది. అక్కడ చిన్న భాగాన్ని ముదురుగా ఉంచొచ్చు. ఒక కన్ను, ఒక గులాబీ, ఒక చిలుక. మిగతాదంతా దాని వెనక లేతగా పరుచుకుంటుంది. అసలు బొమ్మని పూర్తి రంగుల్లో అచ్చువేయించి చెక్‌బుక్ అట్టకి పెట్టుకోండి. తీసిన ప్రతిసారీ కనపడేది అదే.

ఇప్పుడు పరీక్ష. జింప్‌లో బొమ్మకి నకలు తీసి, రంగుల మెనూలో డీసాచురేట్‌తో దాని రంగు తీసేయండి. తర్వాత అదే మెనూలో థ్రెషోల్డ్ (ఒక హద్దు కంటే ముదురువన్నీ నలుపు, మిగతావన్నీ తెలుపు చేసే సాధనం) తెరిచి 128 దగ్గర పెట్టండి, తర్వాత 180 దాకా జరపండి. రాసే చోట్లలో ఒక్క నల్లచుక్క కూడా మిగలకూడదు. మిగిలితే ఆ భాగాన్ని ఇంకా పలచబరచండి. చాలామంది మొత్తం బొమ్మని ఒకేసారి లేతగా చేసి ఆపేస్తారు. దానివల్ల ముదురు గీతలు ఇంకా ముదురుగానే ఉంటాయి, లేత రంగులు మాత్రం పూర్తిగా పోతాయి. బొమ్మ చచ్చిపోతుంది, సమస్య తీరదు. ముదురు గీతల్నే విడిగా ఎంచుకుని వాటి వెలుగు పెంచాలి. ఓపిక కావాలి, ఒక సాయంత్రం పడుతుంది.

తెర మీద పాస్ అయింది కదా అని అక్కడితో ఆపకండి. అచ్చులో లేత రంగు అంటే దూరందూరంగా పెట్టిన ముదురు చుక్కలు. స్కానర్ ఆ చుక్కల్ని విడివిడిగా చూస్తే చెక్కంతా నల్లటి నలకలు వస్తాయి. అందుకే బొమ్మని అసలు కొలతలో మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, మీ జెల్ పెన్నుతో నిజంగా చెక్కు రాసినట్టే అన్నీ రాసి, 200 డీపీఐలో స్కాన్ చేసి, రంగు తీసేసి దాని మీద మళ్లీ థ్రెషోల్డ్ పెట్టండి. చేతిరాత నిలబడాలి, నలకలు పోవాలి. రెండూ ఒకే చోట కుదరకపోతే పసుపు వైపు ఇంకొంచెం జరపండి.

నంబర్లు, ఆర్డరు

రూటింగ్ నంబరు (మీ బ్యాంకు ఏదో చెప్పే తొమ్మిది అంకెల నంబరు) పాత చెక్కు అడుగు నుంచే ఎక్కించండి. బ్యాంకు యాప్‌లో కనపడేది ఒక్కోసారి ఎలక్ట్రానిక్ బదిలీలకే పనికొస్తుంది, డిపాజిట్ స్లిప్పు మీదది కూడా వేరుగా ఉండొచ్చు. తొమ్మిది అంకెలు సరిగ్గా కొట్టారో లేదో ఇలా చూడండి: 1, 4, 7 స్థానాల మొత్తాన్ని 3తో, 2, 5, 8 స్థానాల మొత్తాన్ని 7తో గుణించి, 3, 6, 9 స్థానాల మొత్తం కలపండి. చివర సున్నా రావాలి. ఉదాహరణకి 123456780 అయితే 36 + 105 + 9 = 150, సరిపోయింది. చివర సున్నా రాకపోతే ఎక్కడో అంకె తప్పింది.

పేరు, చిరునామా వేయించండి. ఫోన్ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు వద్దు. చెక్కు నంబరు పాతవాటి తర్వాతి నుంచి మొదలుపెట్టండి. డూప్లికేట్ ఉన్న రకమే తీసుకోండి, రాసిన ప్రతి చెక్కు నకలు మీ దగ్గర ఉంటుంది. సంతకం గీత పక్కన ఎంపీ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయేమో ప్రూఫ్‌లో (అచ్చుకి ముందు సంస్థ చూపించే నమూనాలో) చూడండి. ఆ గీత నిజానికి సూక్ష్మ అక్షరాల వరస అని వాటి అర్థం. ఫోటోకాపీ తీస్తే అది చెరిగిపోతుంది. మొదటిసారి అతిచిన్న పెట్టె ఆర్డరు చేయండి.

పెట్టె రాగానే ఎవరికీ చెక్కు ఇవ్వకండి. వేరే బ్యాంకులో ఉన్న మీ ఇంకో ఖాతాకి, లేదా ఇంట్లోవాళ్ల ఖాతాకి చిన్న మొత్తం రాసి ఫోన్‌తో డిపాజిట్ చేయండి. అంచుల దాకా బొమ్మ ఉన్న చెక్కుకి ఫోన్ మూలలు పట్టుకోలేకపోతుంది, ముదురు బల్ల మీద పెట్టి తీయండి. డబ్బు మారాక మీ బ్యాంకు సైట్‌లో ఆ చెక్కు చిత్రం తెరిచి పెద్దది చేసి చూడండి. పేరు, అంకెలు, మాటలు, సంతకం నాలుగూ తేటగా ఉంటే మిగతావి వాడుకోవచ్చు. ఒక్కటి మసకగా ఉన్నా పెట్టె మొత్తం ముక్కలు చేసేసి, బొమ్మ ఫైలు దగ్గరికి వెళ్లి ఆ చోటుని ఇంకా పలచబరిచి మళ్లీ పంపండి.