మిలట్రీ నాన్న జీవితాన్ని రాసి పెట్టుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ళలో ‘మిలట్రీ ఆయనిల్లు’ అంటే చాలు, దారి చూపిస్తారు. ఆ ఆయన పోతే పదకొండో రోజుకి ఫ్లెక్సీ వేస్తారు. యూనిఫాంలో పాత ఫొటో, కింద ‘దేశసేవలో తరించిన’ అని ఒక ముక్క. పదిహేనేళ్ళో పదిహేడేళ్ళో సైన్యంలో ఉన్న మనిషి అంతకుముందూ ఆ తర్వాతా కలిపి యాభై అరవయ్యేళ్ళు పొలంలోనే గడిపాడన్న సంగతి ఆ ఫ్లెక్సీలో ఎక్కడా కనిపించదు. మీరు రాసేదాంట్లో అది కనిపించాలి. యుద్ధానికి ఎన్ని పేజీలిచ్చారో ఆకుమడికీ కళ్ళానికీ పిల్లల చదువులకీ అంతకంటే ఎక్కువే ఇవ్వండి.

1. ముందు ట్రంకుపెట్టె

అటక మీదో మంచం కిందో నల్లరంగు ట్రంకుపెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. మొదట దాన్నే ఫొటో తీయండి, ఎందుకంటే ఆ నంబరుతోనే మీకు పని. లోపల ఉన్నవాటిని కదపకముందే ఉన్నవి ఉన్నట్టు ఇంకో ఫొటో తీసుకోండి. ఆ తర్వాత సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు వెతకండి. ఎప్పుడు చేరారు, ఏ ట్రేడు (అక్కడ చేసిన పని), ఏ ర్యాంకులో దిగారు, ఏ మెడల్స్ వచ్చాయి, అన్నీ అందులోనే దొరుకుతాయి.

బుక్కులో జిల్లా పేరు చూసి కంగారు పడొద్దు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అంచేత 1965లో చేరిన బొబ్బిలి కుర్రాడికి శ్రీకాకుళం జిల్లా అనీ, గజపతినగరం కుర్రాడికి విశాఖపట్నం జిల్లా అనీ ఉంటుంది. 2022లో రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. కాగితంలో ఉన్న పేరు, ఇప్పటి పేరు రెండూ రాయండి. పుట్టిన తేదీ కూడా అంతే. బడిలో మాస్టారు వేసిన తేదీనే సైన్యం రాసుకుని ఉండొచ్చు. అసలుది ఏ పండగ దగ్గరో మేనత్తని అడగండి.

బుక్కు చెదలు తినేసిందా? నంబరు, పేరు, పెన్షను కాగితాల నకళ్ళు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. లేదా ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుదైతే బెంగళూరు.

2. మెడల్ ఏం చెబుతుందో చూడండి

మనవాళ్ళ కథల్లో 1971 పాకిస్తాన్ యుద్ధమప్పుడు మిలట్రీలో ఉన్నవాళ్ళంతా ఢాకాలో దిగినవాళ్ళే! పెట్టెలో పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగంలో ఉన్నట్టు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమట. సంగ్రామ్ మెడల్ అంతకంటే ఎక్కువమందికి ఇచ్చారు. అది ఒక్కటే ఉంటే తుపాకీ పేల్చారని రాసెయ్యకండి. 1965 యుద్ధానికిచ్చిన సమర్ సేవా స్టార్‌కీ రక్షా మెడల్‌కీ మధ్య కూడా ఇలాంటి తేడాయే ఉంది. ఆయన లారీ నడిపితే లారీ నడిపారనే రాయండి. కొండదారిలో రాత్రిపూట లైట్లార్పి రేషను మోసినవాడి పని తక్కువదేం కాదు, దానికి రంగులద్దక్కర్లేదు.

3. ఉత్తరాలు

అన్నిటికంటే ఎక్కువ సరుకు దొరికేది ఇక్కడే. నీలిరంగు ఇన్‌లాండు మీద ఊరి పేరుండదు. యూనిట్ పేరు, ‘56 ఏపీఓ’ లేదా ‘99 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే ఉంటుంది. ఎక్కడున్నదీ బయటపడకుండా సైన్యం చేసిన ఏర్పాటు అది. అంచేత చోటు కోసం ఉత్తరం లోపల వెతకాలి. చలి, మంచు, అక్కడ పండే పంట, ఇలాంటివేవో తగులుతాయి. ఎక్కువగా తగిలేది మాత్రం మన ఊరే. గెత్తం (పశువుల ఎరువు) తోలారా, ఉభాలు (వరినాట్లు) ఎన్నాళ్ళకి అయ్యాయి, ఎర్రెద్దు కాలు నయమైందా, మనియార్డరు అందిందా. సరిహద్దులో కూర్చుని పొలం నడిపిన మనిషి అక్కడ దొరుకుతాడు. ఒకట్రెండు ఉత్తరాలు అక్షరం మార్చకుండా, తప్పులు దిద్దకుండా మీ రాతలో పెట్టండి.

ఇంకో మాట. మీ నాన్నమ్మకో అమ్మకో చదువు రాకపోతే, ఇటునుంచి జవాబులు రాసిపెట్టింది ఎవరు? బడిపంతులో, పక్కింటి ఎనిమిదో తరగతి గుంటడో అయ్యుంటారు. ఆ గుంటడికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఇంట్లోవాళ్ళు మర్చిపోయినవి ఆయనకి గుర్తుంటాయి. వెళ్ళి కలవండి.

4. మనుషుల్ని అడగడం

‘నాన్న ఎలాంటివారమ్మా?’ అని అడిగితే ‘మంచోరు’ అంటుంది, అక్కడితో సరి. ‘సెలవుకొచ్చినప్పుడు స్టేషను నుంచి ఎలా వచ్చేవారు?’ అని అడగండి. ఆమదాలవలసలో రైలు దిగడం, బండి కట్టుకుని ఎవరు వెళ్ళారో, పెట్టెలోంచి ముందు ఏం తీశారో, పెద్దది తండ్రిని గుర్తుపట్టక ఎలా ఏడ్చిందో వరసగా వస్తాయి. ‘వచ్చిన మర్నాడే పంచె ఎగ్గట్టి మడిలోకి దిగిపోయీవోరు, నానేటి సెప్పినా వినీవోరు కాదు’ అన్న మాట మీ ఫోన్లో రికార్డయితే దాన్ని పుస్తకభాషలోకి దించకండి, ఉన్నదున్నట్టు రాయండి.

తేదీలు గుర్తులేనివాళ్ళకి తేదీలతో పనిలేదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ చూసి రైలెక్కారా, పెద్దపండక్కి కుప్పలు నూర్చాక వెళ్ళారా అని అడగండి. సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి, ఏడాది తెలిస్తే తేదీ మీరే కట్టొచ్చు.

యుద్ధం గురించి ఆయన ఇంట్లో చెప్పి ఉండకపోతే అమ్మని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆయన బ్యాచివాళ్ళు ఎవరైనా చుట్టుపక్కల ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోండి.

5. రాయడం

‘క్రమశిక్షణ గల మనిషి, కుటుంబమంటే ప్రాణం’ అని మొదలుపెడితే అది ఎవరికైనా సరిపోతుంది. ఇలా రాసి చూడండి: ‘పెన్షను మీద వచ్చాక కూడా తెల్లారగట్టే లేచి, గడ్డం గీసుకుని, చోడి (రాగి) అంబలి తాగి మడికి నీళ్ళు కట్టడానికి వెళ్ళేవారు. తిరిగొచ్చాక పార కడిగి తుడిచి గోడకి ఆనించేవారు, మేం ఆనిస్తే మళ్ళీ సరిచేసేవారు.’ ఇందులో క్రమశిక్షణ అన్న మాట లేదు, అవసరం కూడా లేదు.

కోపం, సారా, అన్నదమ్ముల గట్టు తగాదా లాంటివి పూర్తిగా దాచేస్తే ఊళ్ళో తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. ఎంత చెప్పాలో అమ్మ తేలుస్తుంది. మొదటి ప్రతి ఆమెకే చదివి వినిపించండి, తీసెయ్యమన్నది మారు మాట్లాడకుండా తీసెయ్యండి.

6. అచ్చు

పాతిక ముప్ఫై పేజీలు చాలు. డీటీపీ షాపులో కొట్టించి సంవత్సరీకానికి పంచొచ్చు. చివర రెండు ఖాళీ పేజీలు వదిలితే వచ్చినవాళ్ళు తమకు తెలిసింది రాసిస్తారు. అచ్చుకి ఫొటోలు, ఉత్తరాలు స్కాన్ చేసే ఇవ్వండి. పెన్షన్ పేమెంట్ ఆర్డరు అసలు మాత్రం ఎవరడిగినా చేతికివ్వొద్దు, అమ్మకి ఫ్యామిలీ పెన్షను పనుల్లో దానితోనే అవసరం పడుతుంది.