స్పీచ్ థెరపీకి ఫీజు కట్టకముందు ఇవి చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరంలో ఆటిజం పిల్లలకి మాటలు నేర్పే సెంటర్ల కోసం తిరుగుతున్న అమ్మానాన్నలకి.

- ముందు చెవి టెస్టు, బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో లేదో చూసే టెస్టు). వినపడుతోందో లేదో తేలకుండా థెరపీ మొదలెట్టేయొద్దు.

- థెరపిస్ట్‌కి ఆర్‌సీఐ (ఇలాంటి థెరపిస్టుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అడగండి, నంబరు చూపించమనండి, మొహమాటం వద్దు.

- అన్నిటికన్నా ముఖ్యం ఇది, చేరకముందే ఒక నోటుబుక్కులో రాసుకోండి, ఈరోజుకి పిల్లాడు తనంతట తాను ఎన్ని మాటలు అంటున్నాడు, నీళ్లు కావాలంటే చెయ్యి పట్టుకుని లాగుతున్నాడా, వేలు చూపిస్తున్నాడా, ఫోన్‌లో చిన్న వీడియో కూడా తీసిపెట్టుకోండి, మూణ్ణెల్ల తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తాది మారిందో లేదో. సెంటర్లో కార్డు చూసి యాపిల్ అన్నాడు సరే, ఇంటికొచ్చి నాయనమ్మని బువ్వ అడిగాడా, అది చూడండి.

- గ్యారంటీగా మాటలొస్తాయి అనేవాళ్లని నమ్మకండి. మా పాపకి ఒకచోట అలాగే చెప్పారు, మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, ఇంట్లో ఏటి చెయ్యాలో చెప్పనేలేదు, ఇప్పటికీ బాధే.

- కావాల్సింది అడగడానికి బొమ్మల కార్డులు వాడితే మాటలు ఆగిపోవు, భయపడొద్దు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడక్కర్లేదు.

- ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్‌కి అప్లై చెయ్యండి, ఏడాదికి 1 లక్ష రూపాయల దాకా, అందులో థెరపీకీ కొంత వస్తాది.