తడిసిన కొయ్య బుద్ధుణ్ణి ఎండలో పెట్టకండి

పోయిన నెల తొలి వానకే నెల్లూరులో మాకు తెలిసినవారి ఇంట డాబా కారి, హాలు మూలన ఉన్న మూరెడు ఎత్తు టేకు బుద్ధ విగ్రహం తడిసింది. మరునాడు ఎండ కాయగానే దాన్ని డాబా మీద ఆరబెట్టారు. సాయంత్రానికి నుదుటి నుంచి ఎడమ చెంప మీదుగా వెంట్రుక మందాన పగులు కనిపించింది. మూడోనాటికి అందులో గోరు దూరింది. ఆ విగ్రహానికి వాన చేసిన నష్టం స్వల్పం, దాన్ని చీల్చింది ఎండ.

డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలూ వాయుగుండాలూ మనకు తప్పవు. 2021 నవంబరులో పెన్న పొంగి ఇళ్ళలోకి నీరు వచ్చినప్పుడు సైతం, రెండు రోజులు నానినా చెక్కుచెదరని కొయ్య సామాను ఆ తర్వాతి ఎండకు నెరియలు విచ్చడం కళ్ళారా చూశాను. అందుకే ఈ ఒక్క తప్పు గురించే ఎక్కువ చెబుతున్నాను.

కొయ్య నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది. ఆ కుంచించుకోవడం పొడవునా దాదాపు ఉండదు. అడ్డంగా ఉంటుంది, అందులోనూ మాను వలయాల వెంబడి జరిగేది వలయాలకు అడ్డంగా జరిగేదానికి సుమారు రెట్టింపు. ఎండలో పైపొర కొన్ని గంటల్లోనే ఆరి బిగుసుకుంటుండగా లోపలి చెక్క ఇంకా ఉబ్బే ఉంటుంది కనుక, ఆ బిగువుకు పైపొర చీలుతుంది. మాను నడిమి భాగం లోపలే ఉన్న విగ్రహానికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జపాను శిల్పులు పెద్ద విగ్రహాలను పలు కొయ్య ముక్కలు జోడించి, లోపల తొలిచి చేయడానికి ఒక కారణం ఇదే. అక్కడి ఉజి పట్టణంలోని బ్యోదోఇన్ ఆలయంలో జోచో అనే శిల్పి 1053లో చేసిన అమిద బుద్ధుడు అలాంటివాడు. మన ఇళ్ళలోనివి చాలావరకు ఒకే దుంగలో చెక్కినవి.

విగ్రహం తడిస్తే పొడి నూలు గుడ్డతో రుద్దకుండా అద్దండి. గాలి ఆడే నీడ గదిలో, అడుగున కూడా గాలి తగిలేలా రెండు చెక్కముక్కల మీద నిలబెట్టి, మొదటి కొన్ని రోజులు పైన పలుచని గుడ్డ కప్పి ఉంచండి. పెద్ద విగ్రహం పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, తొందరపడవద్దు.

ఇక వానలు ముదరక ముందే చేయవలసినవి ఇవి. నిమ్ము ఎక్కే గోడకు జానెడు దూరం జరపండి. నేల మీద ఉంచకండి, చెదలకు అది దారి. ప్లాస్టిక్ కవరు చుట్టకండి; లోపలి చెమ్మ బయటికి పోలేక బూజు పడుతుంది. అడుగున నల్ల కాగితం పరిచి వారం తర్వాత చూడండి: పిండిలాంటి పొడి కొత్తగా రాలి ఉంటే లోపల పుచ్చుపురుగు బతికి ఉందని అనుమానించి, విగ్రహాన్ని మిగిలిన కొయ్య సామానుకు దూరంగా పెట్టి, తెలిసినవారికి చూపించండి. కిరోసిన్ పోయకండి. మెరుపు కోసం కొబ్బరినూనె పూయకండి, దుమ్ము అంటుకుని నల్లబడుతుంది. లక్క పూసి బంగారు రేకు అంటించిన బర్మా విగ్రహాలకు తడి గుడ్డ తగలనివ్వకండి. ఎత్తేటప్పుడు చేతులూ తలా పట్టుకోకండి, పీఠం కింద రెండు చేతులూ వేయండి. దీపం దగ్గరగా పెట్టకండి. ఎండలో పెట్టకండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, పొయ్యి పక్కన వద్దు, ఫ్యాను గాలి నేరుగా వద్దు. ఒక్క గంటే కదా అని కూడా ఎండలో పెట్టకండి.

పగులు వచ్చిందని వెంటనే రంపపు పొట్టూ జిగురూ కూరవద్దు. కొయ్య మళ్ళీ ఉబ్బినప్పుడు ఆ కూరినది అడ్డుపడి పక్కన కొత్త చీలిక వస్తుంది. ముందు నీడకు మార్చండి. లోపలి చెక్క కూడా ఆరేకొద్దీ పైపగులు కొంత దగ్గరపడుతుంది. ఆ టేకు విగ్రహానికి ఇప్పుడు గోరు దూరడం లేదు, కానీ చెంప మీది గీత అలాగే ఉంది.