స్పేస్ ఇంజనీర్స్: టరెట్ కాల్చడం లేదా? ముందు దాని కంటితో చూడండి

స్పేస్ ఇంజనీర్స్ అనే వీడియో గేమ్‌లో ఎంతో ఓపికగా కట్టుకున్న షిప్ మీదికి శత్రువు దూసుకొస్తుంటే, టరెట్లు (తమంతట తామే గురిపెట్టి కాల్చే తుపాకులు) బొమ్మల్లా కూర్చోవడం కన్నా చిరాకు ఇంకోటి ఉండదు. చాలామంది వెంటనే సెట్టింగులన్నీ కెలుకుతారు. నన్నడిగితే, తప్పు ఎక్కువగా టరెట్ పెట్టిన చోటులోనే ఉంటుంది. అందుకే మొదట టెర్మినల్ (బ్లాకుల సెట్టింగులు మార్చే తెర) తెరిచి, ఆ టరెట్‌ను ఎంచుకుని అక్కడున్న ‘కంట్రోల్’ బటన్ నొక్కండి. ఇప్పుడు అది చూసేదే మీరూ చూస్తారు. మెల్లగా చుట్టూ తిప్పండి.

ఒకవైపు కాలుస్తుంది, ఇంకోవైపు కాల్చదు

మీ షిప్పే అడ్డొస్తోంది. పెద్ద గ్రిడ్‌లో, అంటే పెద్ద సైజు బ్లాకులతో కట్టిన షిప్‌లో, ఒక్కో బ్లాక్ 2.5 మీటర్లు. టరెట్ పక్కన ఒక్క ఆర్మర్ బ్లాకో యాంటెన్నానో ఉన్నా, దాని వెనకున్న ఆకాశమంతా టరెట్‌కు కనిపించదు. వెడల్పాటి డెక్ మధ్యలో పెట్టిన టరెట్‌కైతే డెక్ అంచు కింద నుంచి వచ్చేవాడు అసలే కనపడడు. అందంగా ఉంటుందని గోడల మధ్య గుంట చేసి పెట్టేవాళ్లకు ఈ తిప్పలు ఇంకా ఎక్కువ.

టరెట్ కింద ఒకటి రెండు బ్లాకుల దిమ్మె కట్టి ఎత్తు పెంచండి, లేదా అంచుకు జరపండి. షిప్ పొట్ట కింద కూడా ఒకటి తప్పకుండా పెట్టండి. ఏ దిక్కు నుంచి చూసినా కనీసం రెండు టరెట్లకు కనపడేలా ఉంటే, ఒకటి పోయినా ఇంకోటి కాపాడుతుంది.

ఎటూ కదలదు

కరెంటు ఉందా, ఆన్‌లో ఉందా చూడండి. తర్వాత టార్గెట్ గుర్తులు: చిన్న షిప్పులు, పెద్ద షిప్పులు, మనుషులు, మిసైళ్లు, ఉల్కలు. వీటిలో టిక్ తీసేసిన దాన్ని టరెట్ పట్టించుకోదు. అన్నీ సరిగ్గా ఉంటే ఓనర్ ఎవరో చూడండి. వేరేవాళ్ల నుంచి పట్టుకున్న షిప్‌లో టరెట్లు ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉండడం మామూలే. గ్రైండర్‌తో బ్లాక్‌ను తగినంత అరగదీసి, మళ్లీ వెల్డ్ చేస్తే అది మీ పేరు మీదికి వస్తుంది.

దూరం నుంచి కాల్చదు, కాల్చినా తగలదు

గాట్లింగ్ టరెట్ హద్దు 800 మీటర్లు. టెర్మినల్‌లో దూరం పెట్టే స్లైడర్ అంతకన్నా తగ్గి ఉందేమో చూడండి. అయితే పూర్తిగా పెంచడమే మేలనుకోకండి. మామూలు సెట్టింగుల్లో షిప్ సెకనుకు 100 మీటర్లు పోగలదు కాబట్టి, గుండు అంత దూరం చేరేలోపే వంకరటింకరగా తిరిగేవాడు పక్కకు తప్పుకుంటాడు. బుల్లెట్లు తక్కువగా ఉంటే స్లైడర్ కాస్త తగ్గించడమే నయం.

పెట్టెలో బుల్లెట్లున్నాయి, టరెట్‌లోకి రావు

కన్వేయర్ పైపు (సరుకు మోసే గొట్టం) టరెట్‌ను తాకితే చాలదు, దాని పోర్టుకే కలవాలి. రోటర్ (గుండ్రంగా తిరిగే బ్లాక్) మీద సొంతంగా కట్టుకున్న టరెట్ అయితే నేను మొదట అనుమానించేది రోటర్‌నే. మామూలు రోటర్ గుండా సరుకు పోదు, అడ్వాన్స్‌డ్ రోటర్ గుండా పోతుంది. బయటికి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి టెర్మినల్‌లో పేరు చదివి తేల్చుకోండి.

అదే టరెట్ తిరగాల్సిన వైపు తిరగకపోతే, దాన్ని నడిపే కస్టమ్ టరెట్ కంట్రోలర్ బ్లాక్‌లో అజిమత్, ఎలివేషన్ చోట్ల ఏవి ఎంచుకున్నారో చూడండి. పక్కలకు తిప్పే రోటర్ అజిమత్‌లో, పైకీ కిందికీ ఎత్తే హింజ్ ఎలివేషన్‌లో ఉండాలి. వాటికి లాక్ పడి ఉందేమో కూడా చూడండి.