మెరుపు శక్తి ఉన్నవాళ్లే గెలవడం ఎలా ఆగిందంటే

మేం తయారుచేస్తున్న మల్టీప్లేయర్ ఫాంటసీ గేమ్‌లో నిప్పు శక్తి ఉన్న ఆటగాళ్లలో ఏ కొద్దిమందికో మెరుపు శక్తి దక్కుతుంది. అది వచ్చినవాళ్లదే ఆట అయిపోయేది. డ్యామేజ్ (దెబ్బకు జరిగే నష్టం) తగ్గించాం, కూల్‌డౌన్ (మళ్లీ వాడేలోపు ఆగాల్సిన సమయం) పెంచాం, ఇంకా అరుదు చేశాం, లాభం లేదు.

అందుకే దారి మార్చి, ముందు డ్యామేజ్‌ని పాత అంకెకే తెచ్చాను. తర్వాత మెరుపు వదిలే ముందు ఒకటిన్నర సెకను చేతుల చుట్టూ నీలి వెలుగు కనబడేలా పెట్టాను. ఆలోపు ఏ చిన్న దెబ్బ తగిలినా మెరుపు ఆగిపోతుంది. చివరగా, మెరుపు వాడితే 8 సెకన్లు నిప్పు పనిచేయదు. అసలు మందు ఇదే: మెరుపు కావాలంటే కాసేపు నిప్పును వదులుకోవాలి. ఆ వారమే మట్టి శక్తి ఉన్న ఒక కొత్త ఆటగాడు గులకరాయి విసిరి మెరుపును ఆపేశాడు. చూసి ఎంత సంతోషమేసిందో!

మావి ఐదుగురేసి ఆడే మ్యాచ్‌లు. ఇద్దరే తలపడే ఆటలో 8 సెకన్లు మరీ ఎక్కువ కావచ్చు, ఆడించి చూసుకోండి.